కుర్చీలోంచి అయిదుసార్లు

"చేతులు ఛాతీ మీద కట్టుకోండి. దేన్నీ పట్టుకోకుండా అయిదుసార్లు లేచి కూర్చోవాలి," అన్నారు ఫిజియోథెరపిస్టు.

మా చెల్లెలు నవ్వింది. "అంతేనా? కిడ్నీ ఇస్తామంటే గుంజీళ్లు కూడా తీస్తాను."

రెండుసార్లు లేచింది. మూడోసారి సగంలోనే కుర్చీలో కూలబడింది. నేను పరుగెత్తి ఆమె చంకల కింద చేతులు వేశాను.

"వదలండమ్మా. మీరు లేపితే లెక్కలోకి రాదు."

తరువాత గుప్పెట్లో పట్టు కొలిచే పిడి ఒకటి పెట్టి నొక్కమన్నారు. ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన చెయ్యి అది. నాలుగు మడతల గుడ్డను ఒక్క ఊపులో కత్తిరించేది. పిడి మీది ముల్లు కాస్త కదిలి ఆగిపోయింది.

డాక్టరుగారు కాగితాలు చూసి నెమ్మదిగా చెప్పారు. "కండ బాగా కరిగిపోయింది. ఇప్పుడు ఆపరేషను చేస్తే మంచం మీంచి లేవడమే కష్టం. కిడ్నీ కోసం రాసుకున్న పేరు కొట్టెయ్యడం లేదు, మూడు నెలలు పక్కన పెడుతున్నాం. ఈలోపు సరిపడే కిడ్నీ వచ్చినా మిమ్మల్ని పిలవం. ఇంతకీ గుడ్లు అవీ తింటున్నారా?"

చెల్లెలు నా వైపు చూడలేదు. "నాకే సయించదండీ," అంది.

అబద్ధం. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు.

నేను బడి మొహం చూడలేదు. సరుకుల పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకే అచ్చులో ఉన్న మాటంటే నాకు తిరుగులేదు. చెల్లెలి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలియగానే పాత పుస్తకాల కొట్లో ఒక పుస్తకం కొన్నాను. మాంసకృత్తులు తగ్గించాలని అందులో ఉంది. అప్పట్లో డాక్టరుగారూ అదే అన్నారు. గుడ్లు మాన్పించేశాను. ఆ తరువాత డయాలసిస్ మొదలైంది. ఆ రోజే ఆసుపత్రిలో పథ్యం కాగితం ఒకటి ఇచ్చారు. నాకు తెలియనిది ఏముంటుందిలే అని దాన్ని మడిచి, ఆ పుస్తకంలోనే పేజీ గుర్తుగా పెట్టుకున్నాను.

"అక్కా, ఇప్పుడు గుడ్లు తినాలట. నర్సు చెప్పింది," అంది ఒకసారి.

"పుస్తకం రాసినవాడు వెర్రివాడా?"

"అమ్మో, పండితురాలితో నాకెందుకు?" అని ఊరుకుంది.

తిండి ఒక్కటే కాదు. మా అమ్మ మంచినీళ్లు తాగొస్తానని లేచి వెళ్లి వంటగదిలో పడిపోయింది, మళ్లీ లేవలేదు. మా ఆయన ఉత్తరం పోస్టు చేసొస్తానని చెప్పులేసుకుని వెళ్లాడు, చెప్పులే తిరిగొచ్చాయి. అప్పటినుంచి ఇంట్లో ఎవరు లేచినా నాకు గుండె దడే. చెల్లెలు కదిలితే చాలు, "కూర్చోవే, నేను లేనూ!" అనేదాన్ని. నీళ్లు చేతికి అందించాను. జడ వేశాను. ఆఖరికి ఆమె కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశాను. అలా ఎనిమిది నెలలు కూర్చోబెట్టాను.

ఇంటికి రాగానే పుస్తకంలోంచి ఆ కాగితం తీశాను. మొదటి వాక్యమే, "డయాలసిస్ మొదలయ్యాక పాత పథ్యం పనికిరాదు." కింద, రోజూ గుడ్డు తెల్లసొన తినాలని. ఇంకా కింద, నడవాలని, ఎవరి పనులు వాళ్లే చేసుకోవాలని.

"నీకిది తెలుసా?" అని చెల్లెలి ముందు పెట్టాను.

"తెలుసు."

"మరి డాక్టరు దగ్గర నా పేరెందుకు చెప్పలేదే?"

"నువ్వు పుస్తకం పట్టుకుని చదివి వినిపిస్తుంటే ఎంత మురిసిపోతావో నాకు తెలీదా? అంతమందిలో నీ పరువు తియ్యనా?" అంది. నాకు ఏడుపొచ్చింది. "ఏడుపు తరవాత. ముందు గుడ్లు ఉడకెయ్యి. పచ్చసొన నీకిచ్చేస్తాలే."

మర్నాడే దుప్పటి తీసేశాను. మిషను ముందున్న కుర్చీలోంచే ఆమె పూటకు కొన్నిసార్లు లేచి కూర్చునేది. ఊరికే చూస్తూ ఉండడం నా పని. అంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని.

"చేతులు జాగ్రత్తక్కా, పారిపోతాయేమో," అనేది.

మూడు నెలల తరువాత అదే గది. పరీక్షకు ముందే డాక్టరుగారితో చెప్పేశాను. "అప్పుడు తనకి సయించక కాదండీ. నేనే పెట్టలేదు. మీరిచ్చిన కాగితం చదవలేదు. తనని లేవనివ్వనూ లేదు."

ఆయన రాసుకున్నారు. "అప్పుడే చెప్పి ఉండాల్సిందమ్మా," అన్నారంతే. గట్టిగా తిట్టినా బావుండేది.

నాలుగుసార్లు లేచింది. అయిదోసారి సగంలో ఆగింది. నా వేళ్లు నేను కూర్చున్న కుర్చీ అంచును పట్టేశాయి. ఆమె పళ్లు బిగించి నిలబడింది.

పక్కన పెట్టిన పేరు మళ్లీ పిలిచే జాబితాలోకి ఎక్కింది. బయటికి వస్తూ గుమ్మం దగ్గర నేను వెనక్కి తిరిగాను.

"ఏంటక్కా?"

"ఈ మూడు నెలల్లో నీకు సరిపడే కిడ్నీ ఏదైనా వచ్చిందేమో అడుగుదామని."

"అడక్కు. వచ్చుంటే ఎవరికో పెట్టుంటారు. వాళ్లూ ఈపాటికి లేచి తిరుగుతుంటారు. పద."

మెట్ల దగ్గర నేను చెయ్యి చాచాను. ఆమె కమ్మీ పట్టుకుని, నన్ను దాటి ముందుగా దిగడం మొదలుపెట్టింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె వీపు మీదనుంచి చూపు తిప్పకుండా, ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ వెనకే దిగాను.