దారిలో రెండు బీరువాలు

మా అన్నయ్యకు పక్షవాతం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. కాలూ చెయ్యీ నాలుగో నెలకల్లా కాస్త దారిలో పడ్డాయి. మాట మాత్రం ఒక వింతచోట ఆగిపోయింది. "రా", "తియ్యి", "వద్దు" లాంటివన్నీ బాగానే వచ్చేవి. పేర్లే వచ్చేవి కావు. మంచినీళ్ళు కావాలంటే "తలుపు" అనేవాడు. దుప్పటిని "స్విచ్చి" అనేవాడు. ఇరవై ఆరేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి కాబట్టి ఆ పనిలో మాటలే ముందు నాలుక మీదికి వస్తున్నాయని, మిగతావాటికి లెక్కా పత్రం ఉండదని, మాటలు నేర్పే మేడమ్ చెప్పింది.

"ఏదైనా చూపించండి, పేరు పలికించండి. మెల్లగా వెనక్కి వస్తాయి" అంది.

ఆ పని నేను భుజాన వేసుకున్నాను. నాది బట్టలు కుట్టే కొట్టు. ఎదుటివాళ్ళు మాట పూర్తిచేసేలోగా నేనే అందుకుని ముగించేస్తానని చిన్నప్పుడు ఇంట్లో నన్ను 'కత్తెర' అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది అన్నయ్యే. అలాంటి నా ఎదుట తను ఒక్క మాట కోసం అరనిమిషం తడుముకుంటుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది.

డాక్టరు నడవమన్నాడు కదా అని ఒక ఆదివారం పొద్దున్నే ముగ్గురం కొండదారి ఎక్కడానికి వెళ్ళాం. వదినకు ఆసుపత్రి లాండ్రీలో పని. వారానికి ఒక్కటే సెలవు. అయినా సంచీ సర్దుకుని వచ్చింది.

అటవీశాఖ గేటు దగ్గర బొద్దుగా ఉన్న గార్డు మమ్మల్ని ఆపాడు.

"పెద్ద జంతువు ఏదైనా ఎదురైతే పరుగెత్తకండి, కేకలు వెయ్యకండి. దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి రండి. వచ్చాక ఏ జంతువో నాకు సరిగ్గా చెప్పండి. మొన్న ఒకాయన ఏనుగని చెప్తే మేమంతా ఉరుకులు పరుగుల మీద వెళ్ళాం. తీరా చూస్తే నీళ్ళ ట్యాంకరు!"

పక్కన బోర్డు మీద జంతువుల బొమ్మలున్నాయి. నేను ఊరుకుంటానా? అన్నయ్యను అక్కడే నిలబెట్టాను.

"ఇది ఎలుగుబంటి. అను, ఎలుగుబంటి."

"ఎ... ఎ..." అని ఆగిపోయాడు.

"పోనీ ఇది. అడవి దున్న. దున్న."

మెడ నరాలు ఉబ్బేదాకా ప్రయత్నించాడు. "పద, ఎండెక్కుతోంది" అంది వదిన.

దారి పొడుగునా నేను వదల్లేదు. ఇదేంటి? అదేంటి? "తాడు" అంటాడు. "తాడు కాదు, వేరు. వేరు అను" అంటాను. "సరే" అంటాడు. వదిన వెనకాల నడుస్తోంది. గంట గడిచేసరికి అన్నయ్య నాకంటే పది అడుగులు ముందుకు వెళ్ళిపోయాడు. నన్ను తప్పించుకోవడానికేనని నాకూ తెలుస్తూనే ఉంది. నేనూ అడుగు పెంచాను.

మలుపు దగ్గర ఆగిపోయాడు.

"బీరువా" అన్నాడు, చాలా మెల్లగా.

పొదల వెనక, ఇరవై అడుగుల దూరంలో, నల్లగా ఏదో ఉంది. "రాయి, అన్నయ్యా. రాయి అను."

"బీరువా." ఎడం చెయ్యి నాకు అడ్డంగా చాచాడు.

"బీరువా ఇంట్లో ఉంటుంది. ఇది రా..."

"నోర్ముయ్" అంది వదిన వెనక నుంచి. మా ఇంటికి వచ్చిన పదిహేడేళ్ళలో ఆమె నన్ను ఒక్కసారి కూడా అంత మాట అనలేదు.

అన్నయ్య చూపు దారికి ఇవతలి పక్కకు తిరిగింది. "చిన్న బీరువా" అన్నాడు.

అటు గడ్డిలో గోధుమరంగు దూడ ఒకటి నిలబడి మమ్మల్నే చూస్తోంది. సరిగ్గా అప్పుడే ఆ రాయి చెవి ఆడించింది.

ముందు నా కంట పడ్డవి దాని కాళ్ళు. ఒళ్ళంతా నలుపే గాని మోకాళ్ళ కింద తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టుంది. తర్వాత మూపురం, తర్వాత కొమ్ములు. అంత ఒళ్ళున్న ప్రాణి అంత సేపు చప్పుడు లేకుండా ఎలా నిలబడిందో! తల్లికీ బిడ్డకూ మధ్య మేమున్నాం.

గార్డు చెప్పిందంతా గాలికి పోయింది. పరుగెత్తడానికి తిరిగాను. అన్నయ్య నా సంచీ పట్టీ పట్టుకుని ఆపాడు.

"ఆగు" అన్నాడు. "పరుగెత్తకు. వెనక్కి. ఒక్క అడుగు. ఆగు. ఇంకొకటి."

మధ్యలో ఇరుక్కుపోయిన లిఫ్టులోంచి జనాన్ని ఒక్కొక్కరినే బయటికి దించేటప్పుడు అన్నయ్య మాట్లాడే తీరు అది. ఎక్కడా తడబాటు లేదు. వదిన ఇంకో మాట లేకుండా వెనక్కి అడుగు వేసింది. నేనూ వేశాను.

ఆ జంతువు బుస్సుమని ఊపిరి వదిలి, గిట్టతో నేలను కొట్టి, మా మీదికి నాలుగడుగులు వచ్చింది. ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుకు తగిలింది.

"ఆగు" అన్నాడు అన్నయ్య. గొంతు పెంచలేదు. మాకు ముందు తను నిలబడ్డాడు. ఇంకా సరిగా పట్టు రాని కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది.

ఎంతసేపో తెలియదు. దూడ మాత్రం ఏ తొందరా లేకుండా దారి దాటి తల్లి దగ్గరికి పోయింది. రెండూ పొదల్లోకి దిగాయి. కొమ్మలు విరుగుతున్న చప్పుడు దూరమయ్యేదాకా మేము కదల్లేదు.

గేటు దగ్గరికి ఎలా వచ్చి పడ్డామో దేవుడికే తెలియాలి. గార్డు రిజిస్టరు తెరిచాడు. "ఏం జంతువండీ?"

"గేదె... కాదు, ఎద్దు... నల్లగా, పెద్దగా..." అని నేను నీళ్ళు నమిలాను. పొద్దున బోర్డు ముందు పాఠం చెప్పిన నోరే ఇది.

"అడవి దున్న. తల్లీ, దూడా" అంది వదిన.

అతను రాసుకుని, గేటుకు గొలుసు వేసి, పైన ఇంకెవరైనా ఉన్నారేమోనని వైర్‌లెస్‌లో కనుక్కున్నాడు. తర్వాత అడిగాడు. "ముందు చూసిందెవరు?"

"నేను" అన్నాడు అన్నయ్య. "బీరువా."

గార్డు ఒక్క క్షణం తెల్లబోయి, తన పొట్ట తడుముకున్నాడు. "మా ఆవిడ నన్ను కూడా అదే అంటుంది సార్!"

అన్నయ్య పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బస్టాపులో బెంచీ మీద కూర్చోలేకపోయాను. కూర్చుంటాను, లేస్తాను, నాలుగడుగులు వేస్తాను, మళ్ళీ వస్తాను. అన్నయ్య చెట్టు నీడన కళ్ళు మూసుకున్నాడు. చివరికి వదిన్ని అడిగాను. "నీకెలా కనిపించింది? నా కళ్ళ ముందే ఉన్నా నేను రాయి అనుకున్నానే!"

"నాకేం కనిపించలేదు. మీ అన్నయ్య మెడ చూశాను, బిగుసుకుపోయింది. ఆయన మాట పట్టుకుంటే నాకు ఏ పూటా గడవదు. తలుపంటే నీళ్ళా, మందా? మొహం చూసి పోల్చుకోవాలి. పొద్దుగూకులూ అదే పని." ఆమె గొంతు సన్నగా ఉంది, కోపంగా కూడా లేదు. "నువ్వు ఆదివారం వస్తావు. పేర్లు చెప్పిస్తావు. వెళ్ళిపోతావు. నువ్వు వెళ్ళాక ఆయన గోడవైపు తిరిగి పడుకుంటారు. ఎంత పిలిచినా లేవరు."

నేను నోరు తెరిచాను. ఆమె చెప్పడం ఇంకా అయిపోలేదు. మూసుకున్నాను.

"నాకు ఒక్క పూట ఎవరి మొహమూ చూడకుండా ఉండాలని ఉంది" అంది.

బస్సు వచ్చే దారివైపు చూస్తూ, "మంగళవారం నాలుగింటికే కొట్టు కట్టేస్తాను, వదినా. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి మీ ఇంటికొస్తాను" అన్నాను.

"వచ్చి?"

"ఊరికే... కూర్చుంటాను."

"నువ్వు? కూర్చోవడం?" అని పెదవి విరిచింది. కానీ వద్దనలేదు.

మంగళవారం వెళ్ళాను. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే వదిన చెప్పులు వేసుకుని, ఎక్కడికో చెప్పకుండా మెట్లు దిగిపోయింది. అన్నయ్యా నేనూ మిగిలాం. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. నాకు లేచి ఏదో ఒకటి సర్దాలనిపిస్తోంది, చేతులు ఒళ్ళో అదిమిపెట్టుకున్నాను.

"నిచ్చెన" అన్నాడు అన్నయ్య ఉన్నట్టుండి.

నిచ్చెనేంటి అనబోయి ఆగాను. మొహం చూశాను. నాకేమీ అర్థం కాలేదు. మాత్రలు చూపించాను, కాదన్నాడు. ఫ్యాను వేశాను, కాదన్నాడు. అతని కళ్ళు ఎటు పోతున్నాయో పట్టుకోవడానికి కాసేపు పట్టింది. కిటికీ రెక్కలు తీశాను. అవునన్నట్టు తలూపి, లేచి నా పక్కకు వచ్చాడు.

ఇద్దరం కిందికి చూశాం. వదిన ఇంకా వీధి మలుపులోనే ఉంది. ఎటు వెళ్ళాలో తేల్చుకోలేనట్టు రెండు దారుల వైపూ చూసింది. సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. మా కిటికీ వైపు ఒకసారి తల తిప్పబోయి, మానుకుని, పార్కు దారి పట్టింది.

పిలవనా అన్నట్టు అన్నయ్యను చూశాను.

"వెళ్ళనీ" అన్నాడు.