ఏడో ముడి

తెల్లవారేసరికి రామనర్సయ్య కొర్రపాడు ఊరిపెద్ద సన్న ఇంటి పంచన కూర్చుని మడమలకు ఆముదం పట్టిస్తున్నాడు. పగుళ్ళలోకి నూనె దిగేదాకా బొటనవేలితో నొక్కి నొక్కి రాయడం అతనికి ముప్పై నాలుగేళ్ళ అలవాటు. ముందు కుడిమడమ, తర్వాత ఎడమమడమ. ఆపైన టైరు చెప్పులు తిరగేసి దులిపి, లోపల తేలు లేదని చూసుకుని తొడుక్కుంటాడు. మనిషి పొట్టి, బక్కపలచన. ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర మాసికల మీద మాసికలు. అరవై ఒకటి నిండినా నడకలో పడుచువాళ్ళు అతన్ని అందుకోలేరు. నడక తప్ప అతనికి వచ్చిన విద్య కూడా మరొకటి లేదు.

అతను రేగడివాడ పంచాయతీకి కోట్వార్. అంటే సర్కారు మాటను ఊరూరికీ మోసేవాడు. రేగడివాడ నుంచి శబరి ఒడ్డు వెంబడి పైకి పోతే ముందు సింగారంగుంపు, ఆ పైన కొర్రపాడు వస్తాయి. అవి ఎంత పాత ఊళ్ళో ఎవరికీ తెలియదు. పోలీసులకూ అన్నలకూ మధ్య గొడవల ఏళ్ళలో కాలిపోయి, జనం ఏటి అవతలికి పారిపోయి, మళ్ళీ వచ్చి అవే పునాదుల మీద గోడలు లేపుకున్నారు. ఇక్కడ తారీఖులతో ఎవరికీ పనిలేదు. సభ ఉన్నా, పండగ ఉన్నా, రామనర్సయ్య అడ్డతీగ నారతో పేనిన తాడు తెస్తాడు. ఎన్ని రోజులుంటే అన్ని ముడులు. ఊరిపెద్ద భార్య రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని ఒక ముడి విప్పుతుంది. ఆఖరి ముడి విప్పిన రోజు ఊరు కదులుతుంది. కోట్వార్ ముందురోజే పై ఊరు చేరుకుని, ఆ పొద్దున జనాన్ని వెంటబెట్టుకుని, దారిలో ఊళ్ళను కలుపుకుంటూ కిందికి దిగాలి. అదీ రివాజు.

ముప్పై నాలుగేళ్ళలో అతని తాడు ఒక్కరోజు అటూ ఇటూ పోలేదు. గొడవల ఏళ్ళలో ఇటువాళ్ళు ఆపినా, అటువాళ్ళు ఆపినా, చేతిలో తాడు చూసి పొమ్మన్నారు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం రామనర్సయ్య కాస్త ఛాతీ విరుస్తాడు. విరవనీయండి పాపం, ఇంకేం ఉంది అతనికి! పెళ్ళాం పోయి పదేళ్ళు. పిల్లలు లేరు.

ఇంట్లోంచి సన్న భార్య దేవే తాడు పట్టుకుని వచ్చింది. పోయిన గురువారం ఏడు ముడులతో ఇచ్చిన తాడు. ఒకే ఒక్క ముడి మిగిలింది. గట్టిగా బిగుసుకుపోయిన ముడిని ఆమె పంటితో లాగి విప్పి, తాడు మొగుడి చేతికిచ్చింది. ఊరిపెద్ద సన్న దాన్ని మొలకు చుట్టుకున్నాడు.

"ఏంది బావా, మడమలకేనా నూనె? మోకాళ్ళకు ఒద్దా? ముసలోనివైతివి" అన్నాడు సన్న.

"నీ చెల్లెల్ని నాకియ్యకపోతివి. రాసేటోళ్ళు లేక ముసలోణ్ణైతి" అన్నాడు రామనర్సయ్య.

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సన్న దోర్ల తెగవాడు, ఇతను తెలుగువాడు. ఏ చుట్టరికమూ లేదు. అయినా బావా అంటే బావే. సగం దోర్లి, సగం తెలుగు కలిపి ఇద్దరూ ఇరవై ఏళ్ళ వయసు నుంచీ ఇట్లాగే ఎకసెక్కాలాడుకుంటున్నారు.

ఊరు కదిలింది. మొత్తం ముప్పై ఒక్కమంది. మే నెల, తునికాకు కోతల వారం. పొద్దున ఆకు కోయని ఇల్లు ఆ రోజుకు పస్తే. అయినా కోత మానుకుని బయలుదేరారు. కారణం ఇసుక. శబరిలోని ఇసుక తవ్వి లారీలకెత్తుకుంటామని ఎవరో గుత్తేదారు వచ్చాడు. దానికి గ్రామసభ ఒప్పుకోవాలి. ఎండాకాలంలో ఈ రెండు ఊళ్ళూ ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్ళు తాగుతాయి. ఇసుక పోతే చెలమ పోయినట్టే. సభలో లేచి నిలబడి "మాకు వద్దు" అనాలి, అంతే పని. మూడు ఊళ్ళలో రెండు ఊళ్ళు వద్దంటే ఆ కాగితం కదలదు. ఈ మాట రామనర్సయ్యకు తెలుసు, సన్నకు తెలుసు, అందరికీ తెలుసు.

దారి కొంతసేపు ఒడ్డు మీద, కొంతసేపు ఇసుకలో. రామనర్సయ్య ముందు నడుస్తున్నాడు. ఇసుకలో అడుగేసేటప్పుడు మడమ కాకుండా ముందరి పాదం మోపుతాడు, కాలు దిగబడదు. వెనక పిల్లలు ఆ నడకను వెక్కిరిస్తూ వస్తున్నారు. ఎండ ఎక్కేకొద్దీ మాటలు తగ్గాయి. ఒకచోట పాత ఊరి గుర్తుగా నిలువురాళ్ళు వరసగా ఉన్నాయి, చచ్చిపోయినవాళ్ళ పేరున పాతినవి. దేవే అక్కడ ఆగి ఒక రాయి మీద పడ్డ ఎండాకుల్ని చేత్తో తుడిచింది. అది ఆమె పెద్దకొడుకుది. అందరూ ఆమె తుడిచేదాకా నిలబడి మళ్ళీ నడిచారు.

మిట్టమధ్యాహ్నానికి సింగారంగుంపు వచ్చింది. ఇక్కడి జనం కూడా సిద్ధంగానే ఉన్నారు. అయితే ఊళ్ళో మితానిన్, అంటే మందుబిళ్ళలిచ్చి బాలింతల్ని చూసుకునే పిల్ల లలిత, అంగన్‌వాడీ గోడ దగ్గర నిలబడి రామనర్సయ్యను చెయ్యూపి పిలిచింది. గోడ మీద హిందీలో నోటీసుంది, శబరికి ఈ ఒడ్డున సర్కారు రాతంతా హిందీలోనే. పోయిన గురువారం తాడుతోపాటు రామనర్సయ్యే బంక పూసి అంటించాడు.

"తాతా, నేను ట్రైనింగుల పడి రాత్రే ఇంటికొచ్చిన. ఇప్పుడే చదివిన. దీంట్ల బుధవారం అని ఉన్నది. బుధవారమంటే నిన్న."

"ఏ బుధవారం? గురువారం బిడ్డా. ఇయ్యాల."

"నేను చదువుత లేనా తాతా? బుధవార్, పద్నాలుగు తారీకు."

రామనర్సయ్య దగ్గరికి పోయి నోటీసు వంక చూశాడు. చూసి ఏం లాభం? అక్షరాలు అతనికి చీమల బారు. అయినా కాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"రాసేటోని చెయ్యి జారింది బిడ్డా. సచివ్ నాకు నోటితోని చెప్పిండు, గురువారం అని. కాయితం తప్పుతది గని తాడు తప్పదు."

"మా బావ తాడుకు దేవుడు గూడ దిగొస్తడు" అన్నాడు సన్న. జనం ఔనౌనన్నారు. లలిత చెప్పులేసుకుని అందరితో కలిసింది. కాగితమా, కోట్వార్ తాడా అంటే ఈ లోయలో ఎవరైనా తాడు వైపే ఉంటారు. కాగితం వాళ్ళనెన్నిసార్లు ముంచిందో వాళ్ళకు లెక్క లేదు, తాడు ఒక్కసారీ ముంచలేదు.

కానీ రామనర్సయ్య అడుగుల వేగం తెలియకుండానే పెరిగింది. సచివ్, అంటే పంచాయతీ కార్యదర్శి, ఉపేంద్ర అతని మేనల్లుడు, సొంత అక్క ఉప్పలమ్మ కొడుకు. వాడికి ఆరేళ్ళప్పుడే తండ్రి పోతే, వానాకాలంలో వాగు దాటించి బడికి మోసింది ఈ భుజాలే. మెడ చుట్టూ కాళ్ళేసుకుని, జుట్టు పట్టుకుని, "మామా, ఇంకా ఎత్తు ఎత్తు" అనేవాడు. వాడు చదివితే తాను చదివినంత సంబరపడ్డాడు. ఎప్పుడు నోటీసు ఇచ్చినా వాడు ముందు గట్టిగా చదివి వినిపించి మరీ చేతికిస్తాడు. ఈసారి చదవలేదు. "పని మీదున్న మామా, గురువారం, అంతే" అన్నాడు. పని మీదే ఉన్నాడేమో. ఛీ ఛీ, అక్క కొడుకును అనుమానించడమేంటి! రామనర్సయ్య తన బుద్ధిని తానే తిట్టుకున్నాడు. తిట్టుకుంటూ ఇంకా జోరుగా నడిచాడు. దారిలో ఎవరో నీళ్ళిస్తే కూడా ఆగలేదు.

రేగడివాడ రేవు దగ్గరికి వచ్చేసరికి ఒడ్డును కోసి కొత్తగా బాట వేసి ఉంది. ఇసుకలో పచ్చరంగు జెండాలు పాతి ఉన్నాయి. జేసీబీ ఒకటి నీడకు నిలబెట్టి ఉంది, దాని కింద డ్రైవరు పడుకుని నిద్రపోతున్నాడు. రామనర్సయ్య వెనక్కి తిరిగి చూడలేదు.

పంచాయతీ భవనం ముందు షామియానా విప్పి, చుట్టలు చుట్టి పడేశారు. నేలంతా నిన్నటి విస్తరాకులు. కుక్క ఒకటి వాటిని ఈడుస్తోంది. హాలుకు తాళం. పక్కనున్న చిన్న గదిలో మాత్రం ఉపేంద్ర కూర్చుని కాగితాల మీద ముద్రలు వేస్తున్నాడు. ఎనభై మందికి పైగా బయట ఎండలో నిలబడిపోగా, రామనర్సయ్య ఒక్కడే గడప దాటాడు.

"సభ ఎప్పుడురా?"

ఉపేంద్ర తలెత్తలేదు. "నిన్న అయిపోయింది మామా. నోటీసుల ఉన్నది గదా."

"నాకు గురువారమని చెప్పినవ్."

"నోటీసు నీ చేతితోనే అంటించినవ్ మామా. రానిది వాళ్ళిష్టం. ఇక్కడోళ్ళు వచ్చిన్రు, ఇసుక ఇయ్యాలని ప్రస్తావ్ పాసయింది. ఎవరూ వద్దనలేదని రాసిన."

"వద్దనేటోళ్ళు బయట నిలబడ్డరు, చూడు."

ముద్ర ఆగింది. ఉపేంద్ర గొంతు తగ్గించాడు. "నన్నేం చేయమంటవ్ మామా? పైనుంచి ఒకటే ఒత్తిడి. వాళ్ళు వస్తే పని కాదు. అట్లని రావొద్దని చెప్తే వస్తరు. ఆ ఊళ్ళల్ల నేను చెప్తే నమ్మరు, పెద్ద సాబ్ వచ్చి చెప్పినా నమ్మరు. నువ్వు చెప్తే నమ్ముతరు."

రామనర్సయ్యకు అప్పుడర్థమైంది. అంటే చెయ్యి జారలేదు, పొరపాటు కాదు, మతిమరుపు కాదు. ముప్పై నాలుగేళ్ళు అబద్ధమాడకుండా నడిచాడు గనకే అతన్ని ఏరుకున్నారు. నమ్మించి గొంతు కోశారు, కోసిన కత్తి తనే. తిట్టాలనుకున్నాడు, కొట్టాలనుకున్నాడు. నోటికొచ్చింది మాత్రం వేరే మాట.

"నిన్న పొద్దున నన్ను సాగనంపినవ్ గదరా. ఎండ ఉన్నది, నెత్తికి గుడ్డ కట్టుకో మామా అంటివి. అప్పటికే షామియానా వస్తున్నదా?"

ఉపేంద్ర ముద్ర పక్కన పెట్టాడు. కాగితాల అంచులు సరిచేస్తూ కూర్చున్నాడు.

బయటికొచ్చి రామనర్సయ్య మెట్టు మీద నిలబడ్డాడు. చాటింపు వేసేటప్పటి అలవాటు కొద్దీ ఎడమచెయ్యి చెవికి ఆనించుకున్నాడు. దోర్లిలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు. సభ నిన్ననే జరిగింది. ఇసుక ఇచ్చేశారు. మనం వద్దనలేదని రాసుకున్నారు. చివర్న చెయ్యి చెవి మీంచి దించాడు.

"లలిత చదివింది నిజం. తాడే తప్పింది. తప్పు చెప్పింది నా నోరే."

ఒక పసిబిడ్డ ఏడుస్తుంటే తల్లి రొమ్ము అందించింది. లలిత గది కిటికీ దగ్గరికి పోయి, "సార్, మా పేర్లు రాసుకోండ్రి, మాకు వద్దు అని రాసుకోండ్రి" అని హిందీలో మూడుసార్లు అడిగింది. లోపల్నుంచి కిటికీ తలుపు మూసుకుంది.

అప్పుడు సన్న మెట్టు దగ్గరికి వచ్చాడు. మొలనుంచి తాడు విప్పాడు. ఈ లోయలో ముడులు విప్పిన తాడును ఎవరూ తిరిగి ఇవ్వరు. గాదెకు కట్టుకుంటారు, లేగదూడ మెడకు కడతారు. తిరిగి ఇచ్చారంటే ఆ మనిషి తెచ్చే మాట ఇక ఆ ఊరికి అక్కర్లేదని. సన్న తాడును రామనర్సయ్య అరచేతిలో పెట్టి, అతని వేళ్ళు తన చేత్తోనే మూశాడు.

"మాకు ఇంక తేకు" అన్నాడు. బావా అనలేదు.

"సన్నా, నాకు తెల్వదు. నా మీద ఒట్టు, నాకు తెల్వదు!"

"తెల్వదని నాకు ఎరుకే" అన్నాడు సన్న. "తెల్వకుంటనే ముంచినవ్. రేపు మళ్ళ తెల్వకుంటనే ముంచుతవ్."

జనం తిరిగారు. వచ్చినప్పుడు అతను ముందు నడిచిన ఒడ్డు దారి వదిలి, అడవిలోంచి అడ్డదారి పట్టారు. రామనర్సయ్య నాలుగడుగులు వెంట వేశాడు. ఆఖరున పోతున్న దేవే వెనక్కి చూసింది. కోపంగా చూసినా తట్టుకునేవాడు. కొత్తమనిషిని చూసినట్టు చూసి తల తిప్పుకుంది. అతను అక్కడే ఆగిపోయాడు.

చెట్ల వెనక ఆఖరి తలపాగా కనిపించకుండా పోయాక, కాళ్ళు అలవాటు కొద్దీ అక్క ఇంటికి తీసుకుపోయాయి. ఉపేంద్ర కట్టించిన కొత్త ఇల్లు, ముందు గచ్చు అరుగు. అరుగు మీద కూలబడ్డాడు. ఉప్పలమ్మ అతని మొహం చూసి, లోపలికి ఉరికి, ఇత్తడి చెంబు నిండా కుండలో నీళ్ళు ముంచుకొచ్చింది.

"పెదవులు పగిలినయ్ గదరా. ముందుగాల తాగు."

చెంబు చల్లగా చెమర్చి ఉంది. రామనర్సయ్య చెయ్యి చాచాడు. వేళ్ళు చెంబుకు తగిలాయి కూడా. పొద్దుటి నుంచీ అతని గొంతులో చుక్క పడలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నీ కొడుకు నా నోరు అమ్మిండక్కా."

ఆమెకు ఏమర్థమైందో, ఎంత ముందే తెలుసో! నిలబడ్డచోటే అరుగు స్తంభం పట్టుకుంది. "నేనేం జేసిన తమ్ముడా? నా చేతి నీళ్ళు నీకెందుకు చేదైనయ్?" అంది.

ఈ భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క తోబుట్టువు. ఆమె తప్పు చేసిందని అతను అనలేదు, అనుకోలేదు కూడా. కానీ ఈ గడప నీళ్ళు దిగితే, కిందకి దిగినంతమేరా లోపల మండుతుందని తెలుసు. లేచి ఖాకీ చొక్కా విప్పాడు. మడత పెట్టి, దానికున్న కోట్వార్ ఇత్తడి బిళ్ళ పైకి కనబడేటట్టు అరుగు చివర పెట్టాడు. ఒంటి మీద బనీను మాత్రమే మిగిలింది.

"ఏడికి పోతవ్ రా ఈ ఎండల?"

"తెల్వదక్కా. ఈడనైతే ఉండ."

వీధి మలుపు తిరిగి రేవు వైపు నడిచాడు. ముందరి పాదం మోపుతూ, ఎప్పటిలాగే చకచకా. అవతలి ఒడ్డుకు పోయే నాటుపడవ బయలుదేరబోతోంది. బనీను మీదున్న మనిషిని కోట్వార్‌గా పోల్చుకోలేక పడవవాడు ఏ ఊరని అడిగాడు. రామనర్సయ్య చెప్పకుండానే ఎక్కి కూర్చున్నాడు.

పొద్దు వాలాక ఉపేంద్ర ఇంటికి వచ్చి, అరుగు మీది మామ ఖాకీ చొక్కా తీసి లోపల వంకెకు తగిలించాడు. తమ్ముడు తాగని చెంబును మాత్రం ఉప్పలమ్మ అతన్ని ముట్టనివ్వలేదు. అందులో నిండా నీళ్ళు అట్లాగే ఉన్నాయి.