అన్నగార్లకు పడని వాసన

మా ఆఫీసులో మధ్యాహ్నం పన్నెండయిందని తెలుసుకోవడానికి గడియారం వైపు చూడనక్కర్లేదు. రుయ్-ఫెన్ అక్క తన డబ్బా మూత తీస్తుంది. కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళకు కూడా భోజనం వేళయిందని తెలిసిపోతుంది.

ఆ డబ్బాలో ఉండేది కంపు టోఫు, అంటే పులియబెట్టిన సోయా జున్ను. వీధి చివర బండివాడు దాన్ని నూనెలో వేయించి, పైన వెల్లుల్లి పులుసు పోసి, పక్కన పుల్లటి క్యాబేజీ పెట్టి ఇస్తాడు. ఈ తైచుంగ్ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నేను దాని పేరు చెబితే ముక్కు మూసుకుంటానంటే నవ్విపోతారు. కాలేజీ రోజుల్లో లొట్టలేసుకుంటూ తిన్నదాన్నే. కానీ ఈ ఆగస్టులో మాత్రం ఆ మూత లేవడం, నా కడుపులో ఉన్నదంతా గొంతు దాకా రావడం ఒకేసారి జరుగుతున్నాయి. గబగబా సొరుగు లాగి పుల్లటి ఎండు పండొకటి నోట్లో వేసుకుని, కంప్యూటరు వెనక తల దాచుకుంటాను.

కారణం చెప్పేస్తాను, మీ దగ్గర దాపరికం దేనికి. నాకు నెల తప్పింది. ఈ సంగతి మా ఆయనకు తప్ప మా అత్తగారికి కూడా తెలియదు. మూడు నెలలు నిండేదాకా పైకి చెప్పకూడదని మావాళ్ళ పట్టింపు. చెబితే కడుపులో బిడ్డను కాచే దేవుడు అలుగుతాడంటారు. పోయినేడు నేను ఆ మాటకు నవ్వేసి, డాక్టరు చెప్పిన రోజే ఆఫీసంతా చాటేశాను. కేకు కోశారు. రుయ్-ఫెన్ అక్క బొటనవేలంత మేజోళ్ళు అల్లి తెచ్చింది. ఆ కడుపు నిలవలేదు. తర్వాత చాలాకాలం అందరూ నాతో గొంతు తగ్గించే మాట్లాడారు. ప్రింటర్లో కాగితాలైపోయాయన్న ముక్క కూడా జాలిగానే చెప్పేవాళ్ళు. ఆ జాలి భరించడం కన్నా తిట్లు తినడం నయమనిపించేది. అందుకే ఈసారి మూడు నెలలూ నిండేదాకా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

నోరంటే నా చేతిలో ఉంది. ముక్కు సంగతే తేలలేదు.

మాది కుట్టుమిషన్ల విడిభాగాలు అమ్మే చిన్న కంపెనీ. నాలుగో అంతస్తులో ఒకే గది, తెరుచుకోని కిటికీలు, ఉన్న గాలినే తిప్పి తిప్పి మా మొహాన కొట్టే ఏసీ. లెక్కలు చూసే రుయ్-ఫెన్ అక్క టేబులు సరిగ్గా నా టేబులుకు ఎదురుగా ఉంటుంది. ఇరవయ్యేళ్ళ నుంచీ ఆవిడ అక్కడే కూర్చుంటోంది, అదే తింటోంది. యజమాని తూ గారు కూడా ఆవిడ ముందు ఆచితూచి మాట్లాడతారు.

మొదట మర్యాదగానే మొదలుపెట్టాను.

“అక్కా, కింద వరండాలో కొత్త బల్లలు వేశారు చూశావా? అక్కడ కూర్చుని తింటే హాయిగా గాలి తగులుతుంది.”

“ఈ ఎండలోనా? అంత హాయిగా ఉంటే నువ్వెళ్ళి కూర్చో, నీ కుర్చీ నేను కాపలా కాస్తా.”

మర్నాడు ఇంటి నుంచి చిన్న ఫ్యాను తెచ్చి, వాసన నా వైపు రాకుండా అవతలికి తిప్పి పెట్టాను. అది నేరుగా తూ గారి అద్దాల గదిలోకి పోయింది. కాసేపటికి ఆయన తలుపు తీసుకుని బయటికొచ్చారు. ఇక అక్కకు చీవాట్లు తప్పవనుకుని నేను లోలోపల సంబరపడ్డాను. ఆయన డబ్బాలోకి తొంగిచూసి, “ఎక్కడ కొన్నావ్ రుయ్-ఫెన్, ఇందాకట్నించీ నోరూరిపోతోంది, రేపు నాకూ ఒకటి తెప్పించు” అన్నారు. అలా ఒక డబ్బా రెండయింది.

చివరికి అమ్మకాలు చూసే అ-కైని పట్టుకున్నాను. కుర్రాడు మాటకారి, ఎవరికైనా ఏదైనా అంటగట్టగలడు. వాడికి పాల టీ ఇప్పించి, “నా పేరు రానీకుండా అక్కతో ఒక మాట చెప్పరా బాబూ” అని బతిమాలాను. వాడు ధైర్యంగా వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

“చెప్పావా?”

“చెబుదామనే నోరు తెరిచానక్కా. ఆవిడ అందులో ఒక ముక్క పెట్టేసింది. ఎంత బాగుందో.”

ఆ రోజు నాకు తిక్క రేగింది. ఎండు పండు బుగ్గన పెట్టుకునే నేరుగా అనేశాను. “అక్కా, ఆ వాసన నేను భరించలేకపోతున్నాను.”

రుయ్-ఫెన్ అక్క తినే పుల్లలు కింద పెట్టింది. “ఇన్నేళ్ళూ లేని వాసన ఇప్పుడెలా వచ్చింది, పే-యున్?”

“దాని పేరే కంపు టోఫు కదక్కా.”

“పేరు సంగతి కాదు, నీ సంగతి అడుగుతున్నా. పోయినేడు నా డబ్బాలోంచి నువ్వు తిన్లేదూ?”

నిజం చెప్పలేను. నోటికొచ్చిన అబద్ధం “ఎలర్జీ” అని. టోఫుకి ఎలర్జీ అంటే, నిన్న నేను తిన్న సోయా పాయసం సంగతేమిటని అ-కై అడిగాడు. వాడి నోట్లో ఇంకో ముక్క పెట్టి ఉంటే బాగుండేది. రుయ్-ఫెన్ అక్క ఇంకేం అనకుండా నన్నూ, నా తెరిచి ఉన్న సొరుగునూ ఒకసారి చూసి, మూత పెట్టేసి లెక్కల్లో పడింది. పే-యున్‌కి ఈ మధ్య టెక్కు ఎక్కువైందని ఆఫీసంతా అనుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంతలో మా చాంద్రమానం లెక్కన ఏడో నెల విందు వచ్చిపడింది.

ఏడో నెలంటే దిక్కులేని ఆత్మలు ఆకలితో వీధుల్లో తిరిగే నెల. దయ్యం అన్న మాట నోట రాకూడదు, అన్నగార్లు అనాలి. ప్రతి కంపెనీ కింద వరండాలో బల్ల వేసి అన్నగార్లకు కడుపు నిండా పెడుతుంది. మా ఆఫీసులో బల్ల సర్దడం, అగరుబత్తులు గుచ్చడం నా పని. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ బల్ల దరిదాపులకు పోకూడదంటారు. అన్నగార్ల చూపు కడుపు మీద పడుతుందని భయం. పోకుండా ఉండాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే దేవుడు అలుగుతాడు. ఇటు దేవుడు, అటు అన్నగార్లు, మధ్యలో నేను.

“ఈసారి ఇంకెవరికైనా అప్పగించండి సార్, ఒంట్లో బాగోలేదు” అని తూ గారిని అడిగాను.

“వల్లకాదమ్మా. పోయినేడు నువ్వు లేకపోతే అ-కై గాడు సర్దాడు. బీరు మరిచిపోయాడు. ఏడాదంతా ఆర్డర్లు ఎలా ఏడ్చాయో చూశావుగా” అన్నారు. అని, పోయినేడు ఆ రోజుల్లో నేనెందుకు సెలవులో ఉన్నానో గుర్తొచ్చి, దగ్గి, కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. మళ్ళీ ఆ జాలి వాసన వచ్చింది నాకు. సర్దుతానని చెప్పి వచ్చేశాను.

ఆ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. బల్ల మీద ఉడికించిన కోడి, నూడుల్సు, చిప్సు, పళ్ళు, ఈసారి మరిచిపోకుండా బీరు. బల్ల ముందు స్టూలు మీద నీళ్ళ బేసిన్, కొత్త తువ్వాలు, అద్దం. అన్నగార్లు భోజనానికి ముందు మొహం కడుక్కోవాలి కదా. పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నీ సర్దాను. ఎవరి చూపూ నీ మీద పడదు, నువ్వు గట్టిగా పట్టుకుని ఉండు అని లోపలున్నదానికి చెప్పుకుంటున్నాను. నవ్వకండి, నాకు నిజంగా భయమేసింది.

అంతా సవ్యంగా అయిపోయేదే. చివరి క్షణంలో రుయ్-ఫెన్ అక్క రొప్పుకుంటూ వచ్చి, పొగలు కక్కుతున్న పెద్ద పళ్ళెం బల్ల చివర పెట్టింది. “వేడిగా ఉంటేనే వాళ్ళకిష్టం” అంది.

తూ గారు దండం పెట్టి, “కానియ్ పే-యున్, పళ్ళేనికొక అగరుబత్తి గుచ్చు” అన్నారు.

కోడి దాటాను. నూడుల్సు దాటాను. ఊపిరి బిగబట్టి టోఫు మీదికి వంగాను. ఊపిరి ఎంతసేపు బిగబడతారు ఎవరైనా. ఒక్కసారి పీల్చానంతే, కళ్ళు బైర్లు కమ్మాయి. దగ్గర్లో కనబడింది బేసిన్. పొద్దుట్నించీ తిన్నదంతా అందులోకి వెళ్ళిపోయింది.

నేను స్తంభానికి జారబడి నేల మీద కూర్చుండిపోయాను.

“అవి అన్నగార్లు మొహం కడుక్కునే నీళ్ళు” అన్నాడు అ-కై, సన్నటి గొంతుతో. అని తూ గారి వెనక్కి జరిగాడు.

తూ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఏ అన్నగారో పట్టారు దీన్ని. ఎదురు గుడిలో మంత్రం వేసే ఆవిడ్ని పిలుచుకురా, పరిగెత్తు.”

ఆ గుడి ఆవిడ నాకు తెలుసు. తల చుట్టూ అగరుబత్తి తిప్పి, పేరూ పుట్టిన తేదీ అడిగి, ఒంట్లో ఏం మార్పు వచ్చిందో నలుగురి ముందూ కక్కించేదాకా వదలదు. ఇన్నాళ్ళు దాచిందంతా ఆ వరండాలో, వచ్చేపోయే స్కూటర్ల వాళ్ళ ముందు బయటపడిపోతుంది.

“ఆగు అ-కై” అంది రుయ్-ఫెన్ అక్క. “కోపం వచ్చింది వాళ్ళకైతే, వాళ్ళనే అడగాలి గానీ మధ్యలో ఆవిడెందుకు?”

పర్సులోంచి రెండు నాణేలు తీసింది. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే అవునని. రెండూ ఒకేలా పడితే కాదని. వచ్చి నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. విశాలమైన ఆవిడ వీపు వెనక నుంచి ఎవరికీ ఏమీ కనబడదు. నేల మీద ఉన్న నాకు మాత్రం అంతా కనబడుతోంది.

“అన్నగార్లూ, ఈ పిల్ల మీకేమైనా తప్పు చేసిందా?”

నాణేలు దొర్లి ఆగాయి. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు. చేసిందంటున్నారు.

రుయ్-ఫెన్ అక్క అరచేత్తో వాటిని కప్పేసి, “లేదంటున్నారు” అంది గట్టిగా.

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

“అయితే ఈ టోఫు వాసన వల్లే మీకు కోపం వచ్చిందా?”

రెండూ బొరుసే. కాదంటున్నారు.

ఈసారి ఆవిడకు కాస్త ఆలస్యమైంది. ఇరవయ్యేళ్ళ తిండి మరి. గొంతు సవరించుకుని, “అవునంటున్నారు” అంది.

“ఏటా పెడుతూనే ఉన్నాంగా, ఎప్పుడూ ఏమీ అన్లేదే” అన్నాడు అ-కై.

“బతికున్నవాళ్ళకే నోటి రుచి మారుతుంది, పోయినవాళ్ళకి మారకూడదా? నువ్వు నోర్మూసుకుని ఆ పళ్ళెం తీసెయ్.” మళ్ళీ నాణేలు చేతిలోకి తీసుకుంది. “ఈ పిల్ల ఇంక ఈ బల్ల ముట్టుకోకుండా ఇంటికెళ్ళి పడుకోవాలా?”

ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు.

రుయ్-ఫెన్ అక్క తనే తెల్లబోయి ఒక క్షణం వాటి వైపు చూసింది. తర్వాత పక్కకు జరిగి, అందరికీ కనబడేలా చోటిచ్చింది. “వచ్చి చూస్కోండి, మళ్ళీ నేను చెప్పానంటారు.”

తూ గారు వంగి చూసి, బల్లకు మూడుసార్లు దండం పెట్టి, తన జేబులోంచే నాకు టాక్సీ డబ్బులిచ్చారు. గుడి ఆవిడ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బేసిన్ కడిగే భాగ్యం అ-కైకి దక్కింది.

రోడ్డు దాకా అక్కే నడిపించింది. టాక్సీ ఆగాక ఉండబట్టలేక, “అక్కా, ఆ నాణేలు...” అన్నాను.

“కళ్ళు తిరిగాయి నీకు. సరిగ్గా కనబడి ఉండవు” అని తలుపేసింది.

మర్నాడు పన్నెండయింది. మూత లేవలేదు. రుయ్-ఫెన్ అక్క డబ్బా ఒక చేత్తో, విసనకర్ర ఒక చేత్తో పట్టుకుని కిందికి బయల్దేరింది. ఎండలో చెమటలు కక్కుతూ వరండాలో కూర్చుని తిని, దుస్తుల మీద సెంటు కొట్టుకుని మరీ పైకి వచ్చింది. ఆ మర్నాడూ అంతే. అందరికన్నా ఎక్కువ దిగులు పడ్డవాడు అ-కై, వాడి ముక్క పోయింది కదా.

“నెలాఖరుకి అన్నగార్లు వెళ్ళిపోతారుగా అక్కా, అప్పుడు మళ్ళీ ఇక్కడే తినొచ్చుగా?” అని అడిగాడు.

“నేనూ అదే అడిగా. మార్చి దాకా వద్దన్నారు.”

“మార్చేంటి? వాళ్ళ లోకం తలుపులు ఈ నెలలోనే మూసేస్తారు కదా.”

“వాళ్ళ లెక్కలు నీకు చెప్పాలేంటి? పోయి బిల్లులు తీసుకురా” అని ఆవిడ మెట్ల వైపు వెళ్ళిపోయింది.

డాక్టరు నాకు కాన్పుకు చెప్పిన నెల మార్చి. ఆ సంగతి నేను ఆ గదిలో ఎవరికీ చెప్పలేదు. కంప్యూటరు వెనక తల దాచుకున్నాను గానీ, ఈసారి కడుపులో తిప్పి కాదు. ఏడుపొచ్చింది. అంత ధీమాగా ఆవిడ మార్చి దాకా అనేసరికి, ఈ కడుపు నిలుస్తుందని నాకు మొదటిసారి నమ్మకం కలిగింది.