గంగాధరప్ప దొడ్లో గ్యాసు గుంత

బుక్కరాయసముద్రం చుట్టుపక్కల పల్లెల్లో గోబర్ గ్యాసు కట్టే సర్టిఫికెట్టు ఉన్నది మారెక్క ఒక్కదానికే. అనంతపురంలో ట్రైనింగు అయి వచ్చినంక, ఆమె కట్టి సంతకం పెడితేనే ఆ పల్లెల్లో సబ్సిడీ వచ్చేది. మొగుడు ఈరన్న ఆమె కిందనే పని చేసేవాడు. "కాగితం నీకుండాది, రెక్కలు నాకుండాయి," అని నవ్వేవాడు.

కరువులో గంగాధరప్ప బర్రెలన్నీ అమ్ముకున్నాడు. పేడ లేక గుంత మూతబడింది. వానలు పడి మళ్ళీ బర్రెలు కొన్నంక, రిపేరుకు సర్కారు సాయం అడిగినాడు. మర్నాడు ఆఫీసరు చూసేకి వస్తాడని తెలిసి, రిపేరు పని ఒప్పుకున్న మారెక్క సామాన్ల కోసం టౌనుకు బయల్దేరింది.

"నేనొచ్చేదాకా దిగొద్దు," అని మొగునికి చెప్పింది. "మూత తీసి గాలాడనీ. అడుగున విషగాలి ఉంటాది."

మధ్యాన్నం బస్సు దిగి వస్తాంటే గంగాధరప్ప దొడ్లో జనం కనపడినారు. ఆఫీసరు వచ్చేలోపల అడుగు మడ్డి తీసేద్దామని ఈరన్న దిగినాడంట. దిగినోడు దిగినట్లే కూలబడినాడు. పిలిస్తే పలకలేదు. ఈరన్న తమ్ముడు తిప్పయ్య అప్పుడే నిచ్చెన మీద కాలు పెడతాన్నాడు.

మారెక్క చేతిలో సంచి పారేసి, తిప్పయ్య చొక్కా పట్టి వెనక్కి లాగింది. నిచ్చెన బయటికి గుంజింది.

"మాయన్న చస్తాండాడు. నువ్వు మనిషివేనా?"

"దిగితే నువ్వూ పోతావు."

అత్త లక్ష్మక్క వచ్చి ఆమె జుట్టు పట్టుకొని వంచింది. "నీ మొగున్నే చంపుకుంటాండావే," అని వీపు మీద గుద్దింది. మారెక్క నిచ్చెన వదల్లేదు. శెనక్కాయ తూర్పారబట్టే ఫ్యాను తెమ్మని చెప్పింది. దాన్ని గుంత నోటికాడ పెట్టి గాలి కొట్టించింది. అంతసేపూ బోర్లా పడున్న మొగుని వీపు ఆమెకు కనపడతానే ఉంది. దాని మీద బనీను చిరుగు ఆమె కుట్టిందే.

ఆ తర్వాతనే తిప్పయ్య నడుముకు మోకు కట్టి, కొస నలుగురికిచ్చి, దిగనిచ్చింది.

ఈరన్నను పైకి తెచ్చేసరికి ఒళ్ళు వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

మారెక్కకు ఏడుపు రాలేదు. ఎవరో చెంబు చేతికిస్తే నీళ్ళు తాగాలని గూడా తోచలేదు. మర్నాడు వచ్చిన ఆఫీసరు ఏదో అడిగితే అతని పెదాలు కదలడమే చూసింది, మాట వినపడలేదు.

దినాలయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. దినాలైన సాయంత్రం లక్ష్మక్క తట్టలో సంగటి పెట్టి, పులుసు పోసుకొని వచ్చి ఎదురుగా కూచున్నది. వాకిట్లో తిప్పయ్య బర్రెకు గడ్డేస్తాంటే వాని పక్కే చూస్తా ఉండిపోయింది.

"ఆ పొద్దు నువ్వు ఆపకుంటే నాకు ఇద్దరూ లేకుండా పోయుందురు," అనింది.

"నేను టౌనుకు పోకుండా ఉండుంటే, అత్తా?"

లక్ష్మక్క సంగటి ముద్ద తుంచి, పులుసులో అద్ది, కోడలి నోటికి అందిచ్చింది.