గ్లాసుల అడుగున

గ్లాసులు కడగడం నా పని. పత్తికొండలో మా ఆయన జయకుమార్‌కు టమోటా మండీ ఉంది. సీజన్లో రోజూ సాయంత్రం బయటి ఊళ్ల వ్యాపారులు మా మిద్దె మీద మందుకు కూర్చుంటారు. వాళ్లకు శెనక్కాయలు వేయించి, ఉల్లిగడ్డ కోసి, ఐసు పగలగొట్టి పైకి పంపాలి. వాళ్లు లేచాక ఎంగిలి గ్లాసులు కిందికి తెచ్చి కడగాలి. ఆ గ్లాసుల అడుగున మిగిలిందే నేను మొదటిసారి తాగాను. ఎందుకు తాగానని అడక్కండి. ఆ రోజు ఆయన నలుగురి ముందు, "మా దానికి పొయ్యి తప్ప ఏం తెలవదప్పా" అన్నాడు. నేను కర్నూల్లో డిగ్రీ చదివి, పెళ్లికి ముందు రెండేళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని. ఒళ్లు మండిపోయింది. గుటుక్కున మింగాను. ఏడాది తిరిగేసరికి ఆ మిగులు చాలక, సీసాలోంచి వంపుకుని నీళ్లు కలిపి పెట్టేదాకా వచ్చాను.

ఒక మధ్యాహ్నం వంటింట్లో పడిపోతే, మా అత్త లక్ష్మీదేవమ్మ నా నోటి దగ్గర వాసన చూసి తల బాదుకుంది. "మగోడు తాగుతాడు, ఆడదానికేం రోగమే? నలుగురికీ తెలిస్తే మా ముఖం యాడ పెట్టుకోవల్ల?" కొడుకు తాగుడికి ఆమె దగ్గర వైద్యం ఉంది. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేయిస్తుంది. ఆ నలభై ఒక్క రోజులూ తెల్లవారకముందే లేచి, తలకు పోసుకుని, స్వామికి నిష్ఠగా వండేది నేను. మాల తీసిన సాయంత్రం మళ్లీ ఐసు పగలగొట్టేదీ నేనే. నా సంగతికొచ్చేసరికి, "నీకు మాల గూడా ఎయ్యలేమే, నెలనెలా బయటుంటావు" అని ముక్కు చీదింది. అంటే దేవుడు కూడా తాగుబోతుల్లో మగాళ్లనే చూసుకుంటాడన్నమాట.

కర్నూలు బస్టాండు దగ్గర గోడ మీద ఒక కాగితం చూశాను. 'తాగుడు మానాలని ఉందా? ఆదివారం పదకొండింటికి రండి.' నడుము నొప్పికి ఆస్పత్రిలో కరెంటు పెట్టించుకోవాలని ఇంట్లో అబద్ధం చెప్పి పోయాను. కాగితంలో రాసిన బడి గదిలో ఇరవై మంది మగాళ్లు. గడప దగ్గర నేను నోరు తెరవకముందే, వాళ్లందరినీ నడిపించే దావీదురాజన్న, రిటైరైన బస్సు డ్రైవరు, ఎదురొచ్చాడు. "రామ్మా. మీ ఆయన రాలేదా? ఏం ఫర్వాలేదు, ఆడోళ్లు ఆ పక్క కూచోండి." ఆ పక్క అంటే తాగేవాళ్ల భార్యలు. కాదు, నేనే అని చెప్పాల్సింది. సిగ్గేసింది, చెప్పలేదు. రెండో ఆదివారం నా చేతికి టీ ఫ్లాస్కు, గ్లాసులు ఇచ్చారు. ఖర్మ కాకపోతే, ఎక్కడికి పోయినా నా చేతికి గ్లాసులే!

అయినా పోవడం మానలేదు. "నా పేరు పుల్లన్న, నేను తాగుబోతును" అని ఒక్కొక్కరూ లేచి ఏడుస్తుంటే టీ పోస్తూ విన్నాను. ఆ మాటలు పట్టుకునే ఇంట్లో ఊపిరి బిగబట్టి గ్లాసులు కడిగాను. మొదటి ఆదివారం నుంచీ చుక్క ముట్టలేదు. తొంభై రోజులు మానినవాళ్లకు అక్కడ ఇత్తడి బిళ్ల ఇస్తారు. అందరి ముందు లేచి, పేరు చెప్పి, తాగుబోతునని ఒప్పుకుంటేనే ఇస్తారు. నాకా బిళ్ల కావాలి. మా ఇంట్లో చెంచా కూడా నాది కాదు, ఆ బిళ్ల మాత్రం నాది.

పోయిన ఆదివారం చెప్పులేసుకుంటుంటే ఆయన అడ్డం నిలబడ్డాడు. "మిద్దె మీదికి మద్రాసు పార్టీ వస్తాండాది. యాడికి పోతాండావు?" ఉన్నదంతా చెప్పేశాను. "నా పెండ్లాం తాగుబోతని ఊరంతా చాటిస్తావా? కాళ్లిరగ్గొడతా." "బిళ్ల తెచ్చుకున్నాక ఇరగ్గొట్టు" అని బస్సెక్కాను.

"తొంభై దినాలు మానినోళ్లు ఎవరన్నా ఉండారా?" అని దావీదురాజన్న అడిగాడు. ఫ్లాస్కు కింద పెట్టి లేవబోతున్నాను. తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు. పొద్దున్నే వేసిన మందు గదంతా గుప్పుమంది. "లెయ్యే" అని నా జబ్బ పట్టుకున్నాడు. దావీదురాజన్న ముఖం వెలిగిపోయింది. "మధులతమ్మ వాళ్లాయనా! పదమూడు వారాలు నీకోసరం తిరిగిందప్పా ఈ తల్లి. కూచో, మొదటి దినం అందరికీ కష్టమే." నలుగురు లేచి కుర్చీ వేశారు. చప్పట్లు కూడా కొట్టారు.

ఆయన నన్ను చూశాడు, వాళ్లను చూశాడు. చప్పున అర్థమైపోయింది ఆయనకు. మొగుడు తాగితే అది అందరి కొంపలాంటి కొంపే. పెళ్లాం తాగితేనే పరువు పోయేది. కుర్చీలో కూర్చుని తల వంచాడు. "అవునప్పా. తాగేది నేనే. మానుకోవల్లనే వచ్చినా." పదహారేళ్లు నేను ఏడ్చి అడిగినా ఒప్పుకోని మాట! అది ఇప్పుడు ఒప్పుకున్నది నా నోరు మూయడానికి. పుల్లన్న కళ్లు తుడుచుకుని, "మహాతల్లివమ్మా. అయ్యకు టీ పొయ్యి" అన్నాడు.

ఆయన గ్లాసు కోసం నా వైపు చెయ్యి చాచాడు. ఆ చూపు నాకు తెలుసు. మిద్దె మీద బేరం కుదిరినప్పుడు అలాగే చూస్తాడు.

నేను లేచి నిలబడ్డాను. "నా పేరు మధులత. ఆయన తాగుడు ఆయన చూసుకుంటాడు. నేను తాగుబోతును. మందు ముట్టక తొంభై ఒక్క దినాలైంది." ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బిళ్ల దావీదురాజన్న చేతిలోనే ఉండిపోయింది. నేనే పోయి తీసుకున్నాను.

ఆయన చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది. "ఇంగ ఎవరి గ్లాసు వాళ్లు కడుక్కోండి" అన్నాను.