ఏ మిషన్?

ఎబినేజరుకు ఇనుము చెక్కే లేత్ అంటే పిచ్చి అని మంచిర్యాలలో వాళ్ల వాడంతటికీ తెలుసు. బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో స్టోర్ గుమాస్తాగా ఉద్యోగమంతా వెళ్లదీసిన మనిషి. లేత్ నడిపే టర్నర్లకు పనిముట్లు ఇవ్వడం, సాయంత్రం తిరిగి తీసుకోవడం, అంతే అతని పని. లేత్ మీద ఇనుము గిర్రున తిరుగుతూ చుట్టలు చుట్టలుగా రాలుతుంటే స్టోర్ కిటికీలోంచి నోరు వెళ్లబెట్టి చూసేవాడు. ఒకసారి ధైర్యం చేసి చెయ్యి వేయబోతే, "నీ పని నువ్వు జూస్కో అన్నా, ఏలు పోతది" అన్నారు టర్నర్లు. రిటైరైనా ఆ మాట గుచ్చుతూనే ఉంది. కరీంనగర్‌లో కైలాసం అనే ఆయన, తండ్రి నాటి కార్ఖానా మూసేసి పాత విలాయతి లేత్ అమ్ముతున్నాడని తెలిసినప్పుడు ఎబినేజరుకు అన్నం సయించలేదు.

ఇక మిగిలింది భార్య ఆనందమ్మను ఒప్పించడం. ఆమె కాదంటే లేత్ కాదు గదా, దాని బోల్టు కూడా గడప దాటదు. నాలుగు రోజులు లోలోపలే మాటలు పేర్చుకుని, ఒక పొద్దున ఆమె బియ్యం ఏరుతుండగా గొంతు సవరించుకున్నాడు.

"ఆనందం, ఒక మిషన్ కొందామనుకుంటున్ననే."

ఆమె చేతిలోని చేట ఆగింది. "నిజంగనా? ఏడ వెడ్తం?"

"ముందర రేకుల కింద పెడ్త."

"అక్కడెందుకు, వానజల్లు గొడ్తది. ఇంట్లనే కిటికీ కాడ పెడదాం. ఎల్తురు మంచిగుంటది."

ఎబినేజరు చెవులను నమ్మలేకపోయాడు. "జర బరువుంటది మరి."

"ఇద్దరం వట్టి జరుపుకోమా?"

"నూనె గూడ కారుతది."

"మిషనన్నంక నూనె ఎయ్యకుంటె ఎట్ల? కాలుతోని తొక్కేదా, మోటరుదా?"

ఎబినేజరు ఫక్కున నవ్వేశాడు. కాలితో తొక్కే లేతట! పాపం, వర్క్‌షాపు ముఖం చూడని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. "మోటరుదేనే" అని మాత్రం గొప్పగా చెప్పి, చొక్కా తొడుక్కుని బయటపడ్డాడు. దేవుడు ఒక్క పొద్దులోనే భార్య మనసు మార్చాడని దారిపొడవునా స్తోత్రం చెప్పుకున్నాడు.

ఆడమనిషి నోట మిషన్ అంటే కుట్టు మిషనేనని వాడలో పాకే పిల్లను అడిగినా చెబుతుంది. పెళ్లైన కొత్తలోనే ఆనందమ్మ అడిగింది. పిల్లల చదువులన్నాడు, తర్వాత ఇల్లు కట్టాలన్నాడు, ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. ఈ సంగతి ఎబినేజరుకు గుర్తులేదు. గుర్తులేదని కూడా గుర్తులేదు.

కరీంనగర్‌లో కైలాసం ఆ లేత్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కళ్లు తుడుచుకుని అప్పగించాడు. "మా బాపు శెయ్యి వడ్డ మిషనన్నా, ఉత్తగ పండవెట్టకు" అన్నాడు. ఎబినేజరు దానికి గుండె మీద చెయ్యి వేసుకుని మరీ మాట ఇచ్చాడు. డీసీఎం బండిలో, డ్రైవరు పక్కన, పెళ్లికూతురిని తెస్తున్నవాడిలా కూర్చుని వెనక్కి తిరిగి చూసుకుంటూ ఇంటికొచ్చాడు.

వచ్చేసరికి వాకిట్లో కుర్చీలు. కొత్త మిషన్‌కు ప్రార్థన చేయడానికి చర్చి నుంచి పాస్టరు గారు, స్త్రీల సమాజం వాళ్లు అందరూ వచ్చి ఉన్నారు. కొత్త చీరలో ఆనందమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో మడత పెట్టిన గుడ్డ. తన లేత్‌కు ఇంత మర్యాదా అని ఎబినేజరుకు కళ్లు చెమర్చాయి.

బండి వెనకే వచ్చిన క్రేను ఆ ఇనుప కొండను ఎత్తి రేకుల కింద దించింది. నేల మీద పరిచిన రెండు బండలు పటపటా పగిలాయి. పాస్టరు గారు బండి చుట్టూ ఒకసారి చూసి, "బ్రదర్, మరి మిషనేది?" అని అడిగారు.

"గిదే అయ్యగారూ!"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. పాస్టరు గారు పెద్దమనిషి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, నీ దాసురాలి చేతుల మీదుగా వస్త్రహీనులకు వస్త్రములు..." అని, ఒక కన్ను తెరిచి లేత్‌ను చూసి, దగ్గి, "అవసరమైనవారికి అవసరమైనవి దయచేయుము" అని ముగించారు.

వస్త్రములు అన్న మాట దగ్గర ఎబినేజరు బుర్రకు వెలిగింది. ఆనందమ్మ అందరికీ నవ్వుతూనే చాయ్ పోసింది. ఆ నవ్వు అతనికి తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

అందరూ వెళ్లాక నసిగాడు. "ఏ మిషనని నువ్వన్న అడగకపోతివి."

"నువ్వడిగినవా? కాలుతోని తొక్కేదా అంటె నవ్వినవ్."

మిషన్ మీద కప్పడానికి ఆమె చేత్తో కుట్టి, అంచున పువ్వులు అల్లిన గలేబు ఆ మడత గుడ్డ. దాన్ని విప్పి లేత్ మీద వేసింది. ఒక మూలకు కూడా సరిపోలేదు, పెద్దమనిషి నెత్తిన పసిపిల్ల టోపీలా నిలిచింది. ఎబినేజరుకు నవ్వు రాలేదు. వంగి, పగిలిన బండ ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున కరెంటాయన వచ్చి చూసి, ఈ మోటరుకు త్రీ ఫేస్ కావాలని, ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేసని చెప్పి పోయాడు. బతుకంతా వర్క్‌షాపులో గడిపిన మొనగాడికి ఆ ముక్క తోచలేదు. కైలాసానికి ఇచ్చిన మాట రేకుల కింద కదలకుండా కూర్చుంది. ఎబినేజరు దాన్ని కాసేపు చూసి, తనలో తానే "శభాష్ రా" అనుకుని, వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఆనందం, బజారుకు పోతున్న. కాలుతోని తొక్కేదా, మోటరుదా?"

ఆమె పొయ్యి తగ్గించి తిరిగి చూసింది. అతను నవ్వడం లేదని తేల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"తొక్కేదే" అంది. "కరెంటు ఉన్నా లేకున్నా నడుస్తది. నీ దాని లెక్క గాదు."

ఎబినేజరు లేత్ మీది గలేబు తీసి దుమ్ము దులిపాడు. ఈసారి కొలత తప్పకూడదని దాన్ని చంకలో పెట్టుకుని బయల్దేరాడు.