కొలతలిచ్చి కుట్టించిన గొంతు

మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపేవాడికి ఫోనంత శత్రువు ఇంకొకడుండడు. శివనాగరాజు సంగతే చూడండి. పళ్ళు తోముకుంటుండగానే మొదలయ్యేది. రేటెట్లా ఉందని ఒకరు, నా టిక్కీలు అమ్ముడుపోయాయా అని ఇంకొకరు, కాయ ఇంకా చెమ్మగానే ఉంది లోడెత్తమంటావా అని మరొకరు. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. యార్డులో బస్తా అంటే ఎవరూ పలకరు. అన్నం ముద్ద నోట్లో ఉండగా ఫోనెత్తితే, ఆ ముద్ద ఎప్పుడు మింగాడో అతనికే తెలిసేది కాదు.

ఫోన్లో ఏం మాట్లాడాలన్నది మాత్రం అతనికి తండ్రి నేర్పిపోయిన విద్య. చెడ్డ కబురు ఫోన్లో చెప్పకూడదు. రేటు పడిపోతే "రేపు లేస్తుందిలే" అనాలి. సరుకు వంక ఎవరూ తొంగిచూడకపోతే "ఇద్దరొచ్చి చూసెళ్ళారు" అనాలి. మబ్బు పడితే "మనకి రాదులే" అనాలి. అసలు నిజం ఉంటుందే, అది రైతు కొట్టుకొచ్చి, టీ తాగి, కాసేపు కూర్చున్నాక చెప్పాలి. మనిషి ఎదురుగా ఉంటే తిట్టనీ, ఏడవనీ, మనం చూసుకోవచ్చు. ఫోన్లో చెప్పి పెట్టేస్తే అవతలివాడు ఆ కబురుతో ఒక్కడే ఉండిపోతాడు. దీన్ని మీరు మోసమంటే అనండి. తండ్రీ కొడుకులిద్దరూ దాన్ని మర్యాద అనే అనుకున్నారు.

వచ్చే ఫోన్లలో సగం బుల్లయ్య అనే పెద్దరైతు ఊరివి. వినుకొండ దాటి ప్రకాశం వైపు వెళితే వస్తుంది ఆ ఊరు. అక్కడ బుల్లయ్య కాయ ఏ కొట్టుకి పోతే ఊరందరి కాయా ఆ కొట్టుకే. శివనాగరాజు తాత కాలం నుంచీ అది ఈ కొట్టుకే వస్తోంది. ఆయన రేపు ఇంకో కొట్టు మెట్లెక్కాడంటే ఇక్కడ షట్టరు దించేసుకోవడమే. చుట్టరికం ఏమీ లేకపోయినా శివనాగరాజు ఆయన్ని బాబాయ్ అంటాడు. తండ్రి పోయిన రోజున పాడె మోసినవాళ్ళలో ఆయనా ఒకడు. వ్యాపారం సంగతి అలా ఉంచండి, ఆ మనిషి దూరమైతే శివనాగరాజు తట్టుకోలేడు.

ఈ ఫోన్ల బాధ చూడలేక భార్య కోటిరత్నం ఒక యాప్ తెచ్చింది. కొట్లో కంప్యూటరు పనంతా ఆమెదే. నెలకింత అని కడితే చాలు, ఏ.ఐ. అట, ఫోన్లన్నీ అదే ఎత్తుతుందట. బట్టల కొట్టయినా, పళ్ళ డాక్టరైనా, మిర్చి కమీషనైనా దానికి ఒకటేనట. పెట్టారు.

అది ఎత్తింది. "శుభోదయం. నేను మీ సహాయకుడిని. మీ సమస్య నాకు అర్థమైంది" అని, టీవీలో వార్తలు చదివేవాడిలా తడుముకోకుండా మాట్లాడింది. రేటు పడిపోతే పడిపోయిందని మొహం మీదే చెప్పేది. చెప్పి, సేవ ఎలా ఉంది, ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగేది. వారం తిరక్కుండానే బుల్లయ్య కొట్టుకొచ్చి కూర్చున్నాడు.

"నాగరాజూ, నాకో ఫ్రిజ్జు కొనిపెట్టాలయ్యా."

"ఫ్రిజ్జెందుకు బాబాయ్?"

"కాయ చెమ్మగా ఉంది ఏం చెయ్యమంటావని నీ కొట్టుకి ఫోన్ చేశా. గాలి దూరని డబ్బాలో పోసి ఫ్రిజ్జులో పెట్టమన్నాడు ఎవరో. మా ఇంట్లో ఉన్నదాన్నిండా పెరుగూ పచ్చళ్ళూ ఉన్నయ్. తొంభై టిక్కీలు పట్టేది ఎక్కడన్నా దొరుకుద్దేమో చూడు."

ఆయన నవ్వలేదు. శివనాగరాజుకీ నవ్వు రాలేదు. ఆయన వెళ్ళాక కోటిరత్నమే యాప్ తీసేసింది.

"రెడీమేడ్ చొక్కా అందరికీ పడుద్ది, ఎవరికీ కుదరదు. తప్పు నాదే. మన కొలతలిచ్చి మనమే కుట్టించుకుందాం" అంది.

అలా వచ్చాడు షానవాజ్. తాడేపల్లిలో చిన్న ఆఫీసు పెట్టుకుని ఎవరి వ్యాపారానికి తగ్గట్టు వాళ్ళకి ఏ.ఐ. తయారుచేసి ఇస్తాడు. నెమ్మదస్తుడు. కొట్లో ఓ పూటంతా కూర్చుని, ఘాటుకి తుమ్ముతూనే అన్నీ రాసుకున్నాడు. శివనాగరాజు ఫోన్లో నాలుగేళ్ళ మాటలు వాటంతటవే రికార్డయి ఉన్నాయంటే అతని మొహం వెలిగిపోయింది.

"ఇవి బంగారమండి. కానీ ఇవొక్కటే చాలవు. కొట్లో రైతులతో కూర్చుని మాట్లాడతారే, అవి కూడా ఓ నెల రికార్డు చేద్దాం. సగం వ్యాపారం అక్కడే కదండీ."

"కొట్లో మాటలు కొట్లోనే ఉండాలబ్బాయ్. అవి బయటికిచ్చేవి కాదు. నా పద్ధతంతా ఫోన్లోనే ఉంది, తీసుకో."

"మీరెట్లా మాట్లాడితే అదీ అట్లాగే మాట్లాడుద్దండి. తర్వాత నన్ననకూడదు."

"అదే కదా కావాల్సింది."

"ఈయన ఫోన్లో ఎట్లా మాట్లాడతాడో నాకు తెలుసు. ఇంకోసారి ఆలోచించుకోండి" అంది కోటిరత్నం. ఎవరితో అందో గానీ ఇద్దరూ పట్టించుకోలేదు. ఎత్తగానే తాను మిషన్నని అది చెప్పాలని షానవాజ్ అంటే, ఆ ముక్క తీసేయించింది కూడా శివనాగరాజే. ఆ మాట వింటే బాబాయ్ పెట్టేస్తాడని అతని భయం.

నెలన్నరలో గొంతు తయారైంది. మొదటి రోజు కొట్లో అందరూ చుట్టూ నిలబడి విన్నారు. "ఆ, చెప్పు బాబాయ్. మోకాలెట్లా ఉంది? మందులు వాడుతున్నావా?" అంటుంటే శివనాగరాజుకి ఒళ్ళు ఝల్లుమంది. అచ్చం తనే. మధ్యలో చిన్న దగ్గుతో సహా తనే. ఎవరి కూతురి పురుడు ఎప్పుడో, ఎవరి బోరు ఎండిపోయిందో అన్నీ దానికి తెలుసు. ఫోన్ చేసినవాళ్ళంతా సంతోషంగా పెట్టేస్తున్నారు. కుట్టు అదిరింది.

ఇక శివనాగరాజు సుఖం చెప్పనలవి కాదు. వేళకి అన్నం తిన్నాడు. తిన్నాక కునుకు తీశాడు. చిన్నప్పుడు మానేసిన క్యారమ్స్ మళ్ళీ మొదలుపెట్టాడు. వారానికోసారి బండేసుకుని ఊళ్ళు తిరిగి రైతుల కల్లాలు చూసొచ్చే అలవాటుండేది, అది మానేశాడు. అందరితోనూ రోజూ మాట్లాడుతూనే ఉన్నాడాయె, మళ్ళీ వెళ్ళడం దేనికి?

"అది ఏం చెబుతుందో ఒకసారి వినరాదూ?" అంది కోటిరత్నం.

"నా మాటలు నేను వినేదేంటే?" అన్నాడు.

నెలాఖరులో ఒక రోజు ఆకాశం మూసుకొచ్చింది. శివనాగరాజు మంగళగిరిలో బంధువుల గృహప్రవేశంలో ఉన్నాడు. పులిహోర బాగుందని రెండోసారి వేయించుకున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కోటిరత్నం గుమ్మంలో నిలబడి ఉంది.

"వినుకొండ అవతల కుండపోతంట. బుల్లయ్య బాబాయ్ కాయంతా తడిసిందంట" అంది.

ఆయన ఫోన్ చేశాడా అని వెతికితే మధ్యాహ్నమే చేసి ఉన్నాడు. ఇద్దరూ కూర్చుని విన్నారు.

"నాగరాజూ, పడమర నల్లగా ఉందయ్యా. కాయంతా కల్లంలో పరిచుంది. ఎత్తమంటావా?"

"ఏం కాదులే బాబాయ్. మనకి రాదు. అది అట్నుంచటే పోయే మబ్బు. ఇంకో రెండెండలు పడితే కాయ గలగల్లాడుద్ది."

"పట్టాలన్నా కప్పమంటావా?"

"ఎందుకూ, ఉక్కకి చెమ్మపట్టుద్ది. పెద్దోడివి, నీకు నేను చెప్పాలా? ముందు నువ్వు భోంచెయ్యి బాబాయ్."

అందులో శివనాగరాజు అనని మాట ఒక్కటీ లేదు. చిన్న దగ్గు కూడా ఉంది. కోటిరత్నం లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తెల్లారగానే కారు తీశాడు. దారిలో షానవాజ్‌కి ఫోన్ చేసి, నీ మిషను అబద్ధాలాడుతుందేంటయ్యా అని ఎగిరిపడ్డాడు. వాన వస్తుందో రాదో ఫోన్లోనే చూసి చెప్పొచ్చు కదా, ఆ మాత్రం తెలివి లేకుండా చేశావా అని దులిపేశాడు. షానవాజ్ అంతా విన్నాడు.

"నిన్న రాత్రి మేడమ్ గారు చెప్పగానే వెతికానండి. నాలుగేళ్ళలో వాన వస్తుందని మీరు ఎవరికీ ఒక్కసారి కూడా చెప్పలేదు" అన్నాడు.

శివనాగరాజు ఫోన్ పెట్టేశాడు. నరసరావుపేట దాటేదాకా అతనికి ఒకటే ఆలోచన. నిజమే, ఏటా రాదులే అన్నాడు. ఏటా వాన వచ్చింది. అయినా బుల్లయ్య కాయ ఏనాడూ తడవలేదు. ఈ ఏడాదే ఏమొచ్చిపడింది? తన వాక్కు మహిమ ఇన్నాళ్ళకి తరిగిపోయిందా?

నేరుగా కల్లం దగ్గరికే వెళ్ళాడు. ఎర్రటి కాయ బురదలో కలిసిపోయి ఉంది. ఆడవాళ్ళు వంగి, నీళ్ళలోంచి కాయ తీసి మెరక మీద పరుస్తున్నారు. మడత విప్పని పట్టాల మీద కూర్చుని ఉన్నాడు బుల్లయ్య. రావయ్యా అని పక్కకి జరిగాడు.

శివనాగరాజు కూర్చోలేదు. "బాబాయ్, నిన్న ఫోన్లో మాట్లాడింది నేను కాదు" అన్నాడు.

"తెలుసు."

"నా గొంతేగానీ అది మిషను."

"తెలుసంటున్నా కదా. మొదటి రోజే తెలిసింది. మోకాలెట్లా ఉందని అడిగి, చెప్పినంతసేపూ విన్నది. నువ్వేనాడన్నా విన్నావా? అడుగుతావు, నేను చెప్పబోయేలోపల రేటు సంగతెత్తుతావు."

బాబాయ్ తెలియక మోసపోయాడంటే కాళ్ళ మీద పడదామని అనుకుని వచ్చాడు శివనాగరాజు.

"మరి తెలిసీ దాని మాటెందుకు విన్నావు బాబాయ్?"

బుల్లయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"మీ నాన్న రాదులే అంటే నేను లేచెళ్ళి పట్టాలు కప్పేవాణ్ణి. నువ్వు రాదులే అన్నా అంతే. ఎంత గట్టిగా రాదంటే అంత బిగించి కట్టేవాణ్ణి. మీ ఇంటోళ్ళకి నన్ను బాధపెట్టే మాట నోట్లోంచి రాదు. అది నాకు తెలియదా? ఇదంటే మిషను కదయ్యా. నామీద దానికేం ప్రేముందని అబద్ధమాడుద్ది? నిజమే చెబుతుందనుకున్నా."

శివనాగరాజు బురదలోనే చతికిలబడ్డాడు. ఏం కాదులే బాబాయ్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, దోసెడు కాయ తీసి, తొడిమ విరిచి, చీల్చి లోపల చూశాడు. ఇంకో దోసెడు చూశాడు. రంగు అప్పుడే తేలిపోతోంది.

"సగం పోయింది బాబాయ్" అన్నాడు.

"సగమేనా?"

"సగానికి పైనే. మిగిలింది కూడా తాలుకాయ కిందే పోద్ది. రేటు రాదు."

బుల్లయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శివనాగరాజు చేతిలో ఉన్న కాయ తీసుకుని పట్టా మీద వేశాడు.

"ఆ మిగిలింది నీ కొట్టుకే తెస్తాలే. వేరే చోటికి పోతానని భయపడి వచ్చావేమో, ఎక్కడికి పోతాను? కానీ నాగరాజూ, నేను ఫోన్ చేస్తే నువ్వే ఎత్తాలి. అబద్ధం చెప్పడానికైనా సరే, నువ్వే ఎత్తాలి."